శాలువా కప్పేముందు: చెన్నైలో ఒక జీవితకాల సేవకు సన్మానం ఎలా చేయాలి

చెన్నై తెలుగువాళ్లకు సన్మాన సభలు కొత్త కాదు. ఉగాది వచ్చిందంటే నగరంలో ఏదో ఒక వేదిక మీద శాలువా పడాల్సిందే. అయితే సినిమా నటుడికీ నాయకుడికీ చేసే సన్మానం వేరు, ముప్పై నలభై ఏళ్లు ఆసుపత్రి వార్డులో నిలబడిన నర్సుకో, రెండు తరాల పిల్లలకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మకో చేసే సన్మానం వేరు. నటుడు ఏం చేశాడో సభలో అందరికీ ముందే తెలుసు. నర్సమ్మ ఏం చేసిందో పక్కింటివాళ్లకు కూడా తెలియదు. ఆ పని ఏమిటో నలుగురికీ తెలిసేలా చెప్పడమే ఇక్కడ అసలు సన్మానం. శాలువా, దండ, జ్ఞాపిక ఆ తర్వాతే.

మీ వీధి సంఘమో, అపార్ట్‌మెంటు వాళ్లో, పూర్వ విద్యార్థులో కలిసి ఇలాంటి సభ పెట్టాలనుకుంటే కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. హాలుకూ భోజనాలకూ పది రోజులు చాలు. మిగతా కాలమంతా ఆ మనిషి జీవితాన్ని తెలుసుకోవడానికి కావాలి.

ఎవరికి చేయాలి

కమిటీలో కూర్చోగానే పదిమందికీ ఒకే పేరు తోస్తుంది, ఇప్పటికే నాలుగు సన్మానాలు అయినవాళ్ల పేరు. దాన్ని పక్కన పెట్టండి. మీ పేటలో రిటైరైనవాళ్లు ఎవరెవరు ఏ పని చేశారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఎం.టీ.సీ. బస్సు కండక్టరు, పోస్ట్‌మ్యాన్, కార్పొరేషన్ ప్రసూతి కేంద్రంలో పనిచేసిన మంత్రసాని, ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం బడి నడిపిన హెడ్‌మాస్టరు, దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) 1937లో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభలో పని నేర్చుకున్న నర్సు: ఇలాంటివాళ్లు ప్రతి పేటలోనూ ఉంటారు.

మనం పూర్తిగా మరిచిపోయేవాళ్లు ఇంకొకరున్నారు. చెన్నై కార్పొరేషన్ 1688లో ఏర్పడింది, దేశంలో దానికంటే పాత కార్పొరేషన్ లేదు. ఆ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి, కాలువలు తీసే కార్మికుల్లో చాలామంది ఇళ్లలో తరాలుగా తెలుగే మాట్లాడతారు. వాళ్ల తాతలు ఆంధ్ర ప్రాంతం నుంచి ఈ పనికే వచ్చారు. మన తెలుగు సభల్లో వాళ్లను వేదిక మీద ఎంత అరుదుగా చూస్తామో ఆలోచించండి. తుపాను నీళ్లు దిగిన మర్నాడు ఈ నగరం మళ్లీ నడవగలిగిందంటే వాళ్లవల్లే. మీ జాబితాలో మొదటి పేరు వాళ్లలో ఒకరిది కావాలని నా గట్టి అభిప్రాయం.

పేరున్నవాళ్లకు చేయవద్దని కాదు. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో స్థాపిస్తే, మరుసటి ఏడు అందులో చేరిన డాక్టర్ వి. శాంత 2021 జనవరిలో కన్నుమూసేదాకా ఆ సంస్థను విడిచిపెట్టలేదు. ఆమెకు 2005లో మెగసెసే, 2016లో పద్మవిభూషణ్ వచ్చాయి. దేశం ఆమెను గుర్తించింది, గుర్తించాల్సిందే. అదే కాలంలో అవే వార్డుల్లో పక్కలు సర్ది, రాత్రిళ్లు రోగుల తలలు పట్టుకుని కూర్చున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను గుర్తించాల్సింది మనలాంటి చిన్న సంఘాలే.

ఒక సభకు ఇద్దరు, మహా అయితే ముగ్గురు. పన్నెండుమందిని వరుసగా నిలబెట్టి దండలు వేస్తే ఒక్కరి గురించి కూడా నాలుగు మాటలు చెప్పడానికి తీరదు.

ముందు అడగండి

చెప్పకుండా పిలుచుకెళ్లి వేదికెక్కించడం పెద్దవాళ్ల విషయంలో తగదు. ఇంటికి వెళ్లి అడగండి. పిల్లలు ఊళ్లో ఉంటే వాళ్లతోనూ మాట్లాడండి. "నాకెందుకయ్యా ఇవన్నీ, నా ఉద్యోగం నేను చేశాను" అని మొదటిసారి అనడం మన పెద్దల తీరు. ఆ మాటతో లేచి వచ్చేయకండి. రెండోసారి వెళ్లినప్పుడు కూడా అదే మాట అంటే, ముఖంలో ఇబ్బంది కనబడితే, సభ మానేసి ఇంట్లోనే పదిమందితో చిన్నగా చేయండి.

ఆ వ్యక్తి ఇంకా ప్రభుత్వ ఉద్యోగంలోనే ఉంటే ఒక జాగ్రత్త. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలో 14వ నియమం ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి తన గౌరవార్థం పెట్టే సభకు హాజరు కాకూడదు, సన్మాన పత్రం తీసుకోకూడదు. రిటైర్మెంటుకో బదిలీకో ఆఫీసులో ఆడంబరం లేకుండా చేసుకునే వీడ్కోలుకు మినహాయింపు ఉంది. ఆ వీడ్కోలుకు చందా కట్టమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదని కూడా అందులోనే ఉంది. రాష్ట్ర ఉద్యోగులకు వేరే నియమావళి ఉంది కాబట్టి వాళ్ల ఆఫీసులోనే కనుక్కోండి. అన్నిటికంటే తేలిక దారి, రిటైరయ్యాక చేయడం. ఉద్యోగి రిటైరయ్యేది నెలాఖరు రోజున. ఒకటో తేదీన పుట్టినవాళ్లయితే అంతకుముందు నెలాఖరునే దిగిపోతారు. ఈ లెక్క చూసుకుని ఆ తర్వాతి నెలలో సభ పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

కూర్చుని వినండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. ఒకరు అడగడానికి, ఒకరు రాసుకోవడానికి, ఇద్దరు వెళ్లండి. ఫోనులో రికార్డు చేస్తామని ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఫ్యాను చప్పుడు మాటను మింగేస్తుంది కాబట్టి ఫోనును వాళ్లకు దగ్గరగా, ఒక మడత గుడ్డ మీద పెట్టండి. ఒక విడతకు గంట చాలు. అలసిపోతే మరో రోజు వెళ్లండి.

"మీ సేవల గురించి చెప్పండి" అని అడిగితే ఎవరూ చెప్పరు. పనిలోకి దిగే ప్రశ్నలు వేయండి. డ్యూటీలో చేరిన మొదటి రోజు ఎవరు పని నేర్పారు? అప్పుడు జీతం ఎంత, ఏ బస్సులో వెళ్లేవారు? రాత్రి డ్యూటీ అయితే పిల్లలను ఎవరు చూసేవారు? మీ చేతుల్లోకి వచ్చాక మీరు మార్చిన పద్ధతి ఏదైనా ఉందా? ఇప్పటికీ కలలోకి వచ్చే కేసు ఉందా? చివరి ప్రశ్నకు కొందరు మౌనంగా ఉండిపోతారు. తొందరపెట్టకండి, వదిలేయమంటే వదిలేయండి.

కాలిన గాయాల వార్డులో పనిచేసిన ఒక రిటైర్డ్ నర్సు మాకు చెప్పిన సంగతి ఇలాంటి ప్రశ్న నుంచే వచ్చింది. గాయానికి అతుక్కుపోయిన కట్టు గుడ్డను లాగకూడదట. సెలైనుతో తడిపి, అది నానేదాకా ఆగాలి. ఆ ఆగే పది నిమిషాలూ ఆమె రోగితో ఊరి కబుర్లు మాట్లాడేవారు, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, పొలముందా అని. కొత్తగా చేరిన నర్సులకు కూడా ఆ కబుర్లే ముందు నేర్పేవారట. "గుడ్డ దానంతటదే వస్తుంది, మనిషే భయంతో బిగుసుకుపోతాడు" అన్నారు. ఆవిడ అందుకున్న ప్రశంసా పత్రాలు గోడ నిండా ఉన్నాయి. వాటిలో దేంట్లోనూ ఈ ముక్క లేదు. మీరు వెతకాల్సింది ఇలాంటి ముక్క కోసమే.

తర్వాత అవతలి పక్కకు వెళ్లండి. ఆ టీచరు దగ్గర చదివినవాళ్లు, ఆ కండక్టరు బస్సులో రోజూ ఎక్కినవాళ్లు, కింద పనిచేసిన జూనియర్లు. కనీసం ముగ్గురితో మాట్లాడండి. తేదీలు, పోస్టింగులు మాత్రం జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా నియామకపు ఉత్తర్వు, సర్వీసు రిజిస్టరు నకలు, పింఛను పుస్తకం చూసి సరిపెట్టుకోండి. పాత ఫోటోలు తీసుకుంటే ఏవి తీసుకున్నారో కాగితం మీద రాసి, ఒక నకలు వాళ్లకే ఇవ్వండి.

సన్మాన పత్రం

శాలువా బీరువాలోకి వెళ్తుంది, జ్ఞాపిక షోకేసులోకి వెళ్తుంది. పత్రం గోడ మీద ఉండి మనవళ్లు చదువుతారు. అందుకని రాసేవాళ్లను జాగ్రత్తగా ఎంచుకోండి. బాగా మాట్లాడేవాళ్ల కంటే ఆ ఇంటికి వెళ్లి విన్నవాళ్లే రాయడం మేలు.

మనకు పద్యాలతో పంచరత్నాలు సమర్పించే సంప్రదాయం ఉంది. పద్యం వచ్చినవాళ్లు దొరికితే ఒక్క సీసపద్యమైనా పెట్టండి, ఎత్తుగీతి అయ్యేసరికి సభ నిటారుగా కూర్చుంటుంది. కానీ పద్యంలోనైనా వచనంలోనైనా బిరుదుల వర్షం మాత్రం వద్దు. "నిస్వార్థ సేవామూర్తి, కరుణాసముద్రులు, అపర మదర్ థెరిసా" అన్న పత్రంలో పేరు మార్చి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఆ నర్సమ్మకైతే ఇలా రాయండి:

"కాలిన గాయంతో వచ్చినవాళ్లు కట్టు మార్చే వేళంటే వణికేవారు. మీరు గుడ్డ తడిపి, అది నానేదాకా వాళ్ల ఊరి పేరు అడిగేవారు. నొప్పి తెలియకుండా గడిచిన ఆ పది నిమిషాలు ఎంతమందికి దక్కాయో లెక్క ఎవరి దగ్గరా లేదు. ఆ పద్ధతి నేర్చుకున్న మీ జూనియర్లు ఈరోజు ఈ సభలో ఉన్నారు."

ఇది వేరే ఎవరికీ సరిపోదు. చదవడానికి మూడు నిమిషాలు పట్టేంత, ఒక్క పేజీ చాలు. కింద తేదీ, స్థలం, ఇస్తున్నవాళ్ల సంతకాలు.

చెన్నైలో పేర్ల దగ్గర ఒక చిక్కుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి బడిలో, ఆఫీసులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్‌గా ఎక్కుతుంది. అలా ఒకే మనిషికి రికార్డుల్లో ఒక పేరు, బంధువుల్లో ఒక పేరు ఉంటాయి. పత్రం మీద ఏది వేయాలో వాళ్లనే అడిగి, వాళ్ల చేతితోనే రాయించుకోండి.

సహోద్యోగుల్లో తమిళులు తప్పకుండా వస్తారు. నలభై ఏళ్లు పక్కన పనిచేసినవాళ్లకు పత్రంలో ఏముందో తెలియకపోతే బాగుండదు. తెలుగులో చదివిన వెంటనే తమిళంలో నాలుగు వాక్యాల్లో చెప్పేవాళ్లను ముందే చూసుకోండి.

అచ్చు దగ్గర మరో జాగ్రత్త. ప్యారీస్ దగ్గరో ట్రిప్లికేన్‌లోనో ప్రింటింగ్ షాపులు కావలసినన్ని ఉన్నాయి. తెలుగు టైపు తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. మీరు యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలును వాళ్లు ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలోకి మార్చబోతే ఒత్తులు విడిపోతాయి, గుడులు ఎగిరిపోతాయి. అక్షరాలు సరిచూసి పీడీఎఫ్‌గా చేసి ఇవ్వండి. ఫ్రేము కట్టకముందు కాగితం మీద ఒక ప్రూఫు తీయించి, పేరునూ తేదీలనూ ఇద్దరు విడివిడిగా చదవండి.

రోజు, హాలు

వృత్తికి సంబంధించిన రోజు దొరికితే మంచిది. నర్సులకు మే 12. డాక్టర్లకు జూలై 1. టీచర్లకు సెప్టెంబరు 5, తిరుత్తణిలో తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ జయంతి. ఇంజనీర్లకు సెప్టెంబరు 15, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. పోస్టల్ వాళ్లకు అక్టోబరు 9. ఎనభై దాటిన పెద్దలైతే ఇంట్లో సహస్ర చంద్ర దర్శనం ఎప్పుడు చేస్తున్నారో కనుక్కోండి. వెయ్యి పున్నములకు దాదాపు 80 ఏళ్ల 10 నెలలు పడుతుంది, ఆ సమయానికి బంధువులంతా ఊళ్లోనే ఉంటారు.

డిసెంబరు సగం నుంచి సంగీత కచేరీల కాలం కాబట్టి మైలాపూరు, టీ. నగర్ వైపు సభాగృహాలు దొరకవు. అక్టోబరు చివర నుంచి వానలు. ఈ రెండూ తప్పించి ఆదివారం ఉదయం పెట్టుకోండి. సాయంత్రం సభలు ఎలాగూ ఆలస్యంగా మొదలై తొమ్మిది దాటుతాయి, షుగరు ఉన్న పెద్దవాళ్లకు అది శిక్ష.

హాలు చూడటానికి వెళ్లినప్పుడు వేదిక మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి రెయిలింగు ఉందా, బాత్రూము ఎంత దూరం, చేతులున్న కుర్చీ దొరుకుతుందా అని చూడండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సోఫాలోంచి లేవలేరు. వేదిక ఎక్కడం కష్టమైతే కిందే, మొదటి వరుస ముందు కుర్చీ వేసి అక్కడే జరపండి. గౌరవం ఏమాత్రం తగ్గదు.

సభ నడపడం

ముఖ్య అతిథి కోసం సన్మాన గ్రహీతను కూర్చోబెట్టకండి. పిలిచిన పెద్దమనిషికి ఆలస్యమైతే ఆయన లేకుండానే మొదలుపెడతామని ఆహ్వానం ఇచ్చేటప్పుడే మర్యాదగా చెప్పండి. అసలు ముఖ్య అతిథి అవసరమా అని కూడా కమిటీలో ఒకసారి మాట్లాడుకోండి. ఆ పంతులమ్మ దగ్గర చదివి ఈరోజు ఆటో నడుపుతున్న మనిషి దండ వేస్తే ఆవిడ ముఖం వెలిగినంతగా మంత్రిగారు వేస్తే వెలగదు.

ముగ్గురు వక్తలు చాలు. పక్కన పనిచేసినవాళ్లు ఒకరు, ఆ సేవ పొందినవాళ్లు ఒకరు, ఆ పనిలో ఇప్పుడున్న కుర్రవాళ్లు ఒకరు. తలా ఐదు నిమిషాలు. ఒక్కొక్కరూ ఒక్కొక్క సంఘటన చెప్పాలని ముందే పంచుకోండి, లేకపోతే ముగ్గురూ "వారి గురించి ఎంత చెప్పినా తక్కువే" అని దిగిపోతారు. వరుస ఇలా పెట్టుకోవచ్చు: ప్రార్థన, రెండు నిమిషాల స్వాగతం, ముగ్గురి మాటలు, పత్రం చదవడం, సన్మానం, ఆ వెంటనే వాళ్ల స్పందన. సంఘం నివేదికలు, కార్యదర్శి ప్రసంగం, పిల్లల నాట్యం ఏవైనా ఉంటే స్పందన తర్వాతకు నెట్టండి. పెద్దవాళ్లు మాట్లాడాల్సింది అలసట రాకముందు. మాట్లాడటం అలవాటు లేనివాళ్లయితే పక్కన ఒకరు కూర్చుని రెండు ప్రశ్నలు వేసి మాట్లాడించండి.

చెన్నై ఉక్కలో ఊలు శాలువా వద్దు. మంగళగిరి నేత కండువానో, వెంకటగిరి చీరో, కో-ఆప్టెక్స్‌లో దొరికే నూలు శాలువానో తీసుకోండి. వచ్చినవాళ్లంతా తలా ఒక పొన్నాడై (సన్మాన శాలువా) తెచ్చి కప్పడం ఇక్కడి అలవాటు. ఆహ్వానంలోనే అవి వద్దన్న మాట వేసి, కావాలంటే ఒక ఉత్తరం రాసి తెమ్మనండి. ఆ వ్యక్తితో తమకున్న జ్ఞాపకం, అర పేజీ. వచ్చినవన్నీ ఒక ఫైలులో కూర్చి ఇస్తే ఎన్నేళ్లయినా చదువుకుంటారు.

ఇంకో మాట మనసులో పెట్టుకోండి. భర్త పోయిన ఆడవాళ్లను సన్మానించేటప్పుడు బొట్టు, పువ్వుల దగ్గర వేదిక మీద అందరూ తడబడతారు, ఆ తడబాటు ఆవిడకు తెలుస్తుంది. ముందురోజే ఇంట్లో ఆవిడను అడగండి. ఆవిడకు ఇష్టమైతే అందరికీ ఇచ్చినట్టే ఇవ్వండి, ఎవరి గొణుగుడూ పట్టించుకోకండి. భార్య గానీ భర్త గానీ ఉంటే వాళ్లకూ పక్కనే కుర్చీ వేయండి. రాత్రి డ్యూటీల బరువు సగం మోసింది వాళ్లే.

నగదు ఇస్తుంటే బ్యాంకు ఖాతాకే పంపండి. ఎంతో మైకులో చదవకండి. కాంట్రాక్టు మీద పనిచేసి పింఛను లేకుండా దిగిపోయిన పారిశుద్ధ్య కార్మికులకైతే జ్ఞాపిక ఖర్చు కూడా తగ్గించి ఆ డబ్బు వాళ్ల మందులకు చేర్చండి.

ప్రభుత్వ పురస్కారానికి పేరు పంపడం

మీ దగ్గర ఇప్పుడు వివరాలన్నీ ఉన్నాయి కాబట్టి ఇంకో అడుగు వేయండి. 1954 నుంచి ఇస్తున్న పద్మ పురస్కారాలకు ఎవరి పేరునైనా ఏ పౌరుడైనా పంపవచ్చు, సిఫార్సు అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే నింపాలి. అసలు కీలకం 800 పదాలకు మించని పరిచయం. మీ సన్మాన పత్రమే దానికి పునాది. ఎక్కడ, ఎన్నేళ్లు, ఎవరికి, ఏం మారింది అన్నవి తేదీలతో రాయండి. పేర్లు పంపే కాలం ఏటా మారుతుంది, 2024లో మే 1న తెరిచినది 2025లో మార్చి 15నే తెరిచారు, కాబట్టి ఫిబ్రవరికల్లా కాగితాలు సిద్ధం చేసుకోండి. డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకు అర్హత లేదు. మామూలుగా మరణానంతరం ఇవ్వరు, అందుకే వాయిదా వేయకండి.

చిన్నవాళ్ల పేర్లు ఎవరు చూస్తారులే అనుకోవద్దు. మంగళూరులో నారింజలు అమ్ముకుంటూ తన ఊళ్లో బడి కట్టించిన హరేకళ హాజబ్బకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. టీచర్లకైతే తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే రాధాకృష్ణన్ పురస్కారమూ ఉంది. ఒకవేళ పద్మ పురస్కారం వస్తే దాన్ని పేరుకు ముందో వెనకో తగిలించకూడదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది, ఇవి బిరుదులు కావని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది.

పేరు పంపిన సంగతి వాళ్లకు చెప్పాలా అని అడుగుతుంటారు. వివరాలు సరిచూసుకోవడానికి పిల్లలకు చెప్పండి. పెద్దవాళ్లకు ఆశ పెట్టి ఎదురుచూసేలా చేయడం నాకు ఇష్టం ఉండదు.

సభ అయ్యాక

మూడు రోజుల్లోపు వెళ్లి, వాళ్ల దగ్గర తీసుకున్న ఫోటోలు, కాగితాలు ఆ జాబితా ప్రకారం ఒక్కొక్కటీ లెక్కచూసి అప్పగించండి. రికార్డు చేసిన మాటలూ సభ వీడియోలూ పెన్ డ్రైవులో వేసి ఇంట్లోవాళ్లకు ఒకటి, వాళ్లు పనిచేసిన బడికో ఆసుపత్రికో ఒకటి ఇవ్వండి. రెండోదానికి వాళ్ల అనుమతి తీసుకోండి, రోగుల పేర్లు దొర్లిన చోట్లు కత్తిరించండి. పత్రం వేలాడదీయడానికి గోడకు మేకు లేకపోతే డ్రిల్లు మిషను మీరే తీసుకెళ్లండి. ఉత్తరాల ఫైలులో ఆలస్యంగా వచ్చినవి చేర్చడానికి కొన్ని ఖాళీ కవర్లు వదిలి ఇవ్వండి, సభకు రాలేకపోయినవాళ్లు ఆ తర్వాతే ఎక్కువగా రాస్తారు.